ఆపరేషన్ ముందు అన్నయ్య చెప్పిన ఎర

మా అలబామా మగాళ్లు చర్చిలో అబద్ధమాడరు. కోర్టులో అయితే అవసరాన్ని బట్టి. ఏ ఎరకు చేప పడిందని అడిగితే మాత్రం కన్నతల్లికి కూడా నిజం చెప్పరు.

పందొమ్మిదేళ్లుగా చెరువు ఒడ్డున ఎరల కొట్టు నడుపుతున్నాను, నాకు తెలియదా? పడవ ఒడ్డు చేరకముందే, చేప పట్టించిన బొమ్మ ఎరను పుటుక్కున తెంపి జేబులో దాచేస్తారు. దాని చోట ఇంకేదో కట్టి, పదిమందికీ కనబడేలా గాలం కర్ర భుజాన వేసుకుని దిగుతారు. చూసినవాళ్లు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి అదే కొంటారు. నిన్న వాళ్లు చేసిందీ ఆ పనే. అయినా కొంటారు. వీళ్ల తెలివితేటల మీదే నా కొట్టు నడుస్తోంది.

మా ఆయన రాయిస్ ఈ మేధావులందరికీ పెద్ద. పది పౌన్ల బాస్ చేపను పట్టాలని ముప్ఫై ఒక్కేళ్లుగా తపస్సు. తొమ్మిదీ ముప్పావు దాకా వచ్చి ఆగిపోయాడు. మా పెళ్లి తేదీ అడిగితే తడుముకుంటాడు గానీ, మబ్బు పట్టిన రోజు ఏ రంగు రబ్బరు వానపాము కట్టాలో అడగండి, అన్నం చల్లారిపోయేదాకా చెబుతాడు.

ఆరేళ్ల కింద మా అన్నయ్య డెల్మార్ ఏకంగా పదకొండు పౌన్లది పట్టాడు. గిరగిర తిరిగే తెల్ల రేకు ఎరకు పడిందన్నాడు. ఆ రోజు నుంచీ మా ఆయన తెల్ల రేకు విసురుతూనే ఉన్నాడు. ఈలోగా అన్నయ్యకు చూపు మందగించి, డ్రైవింగ్ లైసెన్సు పోయింది. ప్రతి శనివారం తెల్లారుతుండగా రాయిసే ట్రక్కులో వెళ్లి ఎక్కించుకొస్తాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ పడవలో పోట్లాడుకుని, నా కొట్లో మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ తిని ఇంటికి పోతారు.

మొన్న మార్చిలో, డాగ్‌వుడ్ పూలు విచ్చుకుని బాస్ చేపలు ఒడ్డుకొచ్చే వేళ, అన్నయ్యకు గుండె ఆపరేషన్ పడింది. లోపలికి తీసుకెళ్లబోతుంటే రాయిస్ చెయ్యి పట్టుకున్నాడు. చెల్లెల్ని బాగా చూసుకోమంటాడు కాబోలనుకున్నాను.

"బావా, నిన్ను మోసం చేశాను. అది తెల్ల రేకు కాదు."

"ఆరేళ్లు బావా! ఆరేళ్లు విసిరాను!"

"నీలం రబ్బరు బల్లి. నీళ్లడుగున ఈడ్చాలి," అన్నాడు అన్నయ్య. బండి తోసుకుపోయారు.

మా ఆయన వరండాలో కూలబడి ఏడ్చాడు. పాపం నర్సు, రోగి కోసం ఏడుస్తున్నాడనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ నీలం బల్లి తయారై, నా కొట్లోకి వచ్చింది మూడేళ్ల కిందే. అన్నయ్య చేప పట్టి ఆరేళ్లు.

ఆపరేషన్ బాగా జరిగింది. మూడో రోజు ఒంటరిగా దొరికాడు.

"గుండె బాగు చేశారు సరే, నీ నోరు బాగు చేసే డాక్టర్ లేడా అన్నయ్యా? చావుబతుకుల్లో కూడా అబద్ధమేనా?"

"చచ్చిపోతానని వాళ్లు గట్టిగా చెప్పుంటే నిజమే చెప్పేవాణ్ని. డాక్టరు నూటికి తొంభై పాళ్లు బతుకుతావన్నాడు."

"ఆయన నీకేం ద్రోహం చేశాడు?"

"పది పౌన్లది పడిన రోజే పడవ అమ్మేస్తానంటాడు కదే నీ మొగుడు. అమ్మేస్తే ఇక శనివారం పొద్దున్నే నా గుమ్మం ముందు హారన్ కొట్టేదెవరు?"

నాలుగు దులుపుదామని వెళ్లినదాన్ని, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అప్పుడు చెప్పాడు అసలు ఎర సంగతి: నా కొట్లో సగం ధరకు పెట్టినా ఎవరూ కొనని రంగు వెలిసిన కప్ప బొమ్మలు. తెల్లారీ తెల్లారకుండా కలువాకుల మీద గెంతించాలట.

నెలన్నర తర్వాత అన్నయ్య మళ్లీ చెరువుకు బయల్దేరాడు. గాలం పట్టకూడదని డాక్టరు ఆంక్ష. కుట్లు కదలకుండా ఛాతీకి దిండు అదుముకుని, కొట్టు ముందు ఆపిన ట్రక్కులో కూర్చున్నాడు. రాయిస్ కొట్లోకొచ్చి గల్లా మీద మోచేతులు ఆనించాడు.

"ఏమే, ఊరందరికీ ఎరలమ్మేదానివి. నాకొక్క నిజం చెప్పు. నీలం బల్లికి పడుతుందంటావా?"

కప్పల డబ్బా ఆయన మోచేతి పక్కనే ఉంది. ముప్ఫై ఒక్కేళ్ల తపస్సు, ఆయన మీద జాలేసింది. ట్రక్కులో అన్నయ్య మా మాటలు వినపడే వైపుకు చెవి ఒగ్గి కూర్చున్నాడు, కళ్లు మాత్రం ఎటో ఉన్నాయి.

"పడుతుందయ్యా," అన్నాను, కన్నార్పకుండా. "కాకపోతే ఆ బల్లికి బోలెడంత ఓపిక కావాలి. కొన్నేళ్లు పట్టొచ్చు."

మా ఆయన నమ్మి, ఇంకో రెండు పాకెట్లు తీసుకున్నాడు.