చెవి దగ్గర వేలు

“నువ్వే కదా సరేనన్నావు,” అన్నాడు భర్త, పెదవులు కనబడేలా ఆమె వైపు తిరిగి.

ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. రేపు ఆడపడుచు పిల్లాపాపలతో దిగుతోందట. రేపంటే తను లేసుల మిల్లుకు వెళ్లాల్సిన రోజు. గుండీలూ లేసులూ అమ్మే కొట్టు ఇద్దరిదీ అయినా ఇన్నాళ్లూ సరుకు ఎంచింది అతనే. అతను ముచ్చటపడి తెచ్చిన బూడిదరంగు లేసులు అటక మీద ముసలివైపోతున్నాయి. ఈసారి తనే ఎంచుకొస్తానని బతిమాలి ఒప్పించుకుంది. రేపు తప్పితే మంచి రంగులన్నీ పక్కవీధి కొట్టువాళ్లు ఎగరేసుకుపోతారు.

తనెప్పుడు సరేనంది?

అతను ఫోనులో ఇంటివాళ్ల గ్రూపు చూపించాడు. రేపటి వంట నువ్వే చూసుకోవాలంటూ అత్తగారి వాయిస్ మెసేజీ. దాని కింద ఆమె పెట్టిన బొమ్మ, చెవి దగ్గర వేలు పెట్టుకున్న ఆడమనిషి.

పెళ్లైన కొత్తలో జ్వరమొచ్చి చెవులు పోయాయి. అప్పట్నుంచీ గొంతుతో వచ్చే మెసేజీలన్నిటికీ ఆ బొమ్మే పెడుతోంది. నాకు వినబడదు, రాసి పంపండి అని. ఎవరూ రాయకపోతే తీరిక లేదేమోలే అని ఊరుకుంది.

ఆమె ఆ సంగతి చెప్పేసరికి, వంటింటి గుమ్మంలోకి వచ్చిన అత్తగారు నిజంగానే తెల్లబోయింది. “అదా దానర్థం? మావాడు విని చెబుతుంటే ‘చెవిన పడింది అత్తయ్యా, అలాగే’ అంటున్నావనుకున్నానే తల్లీ. మా కోడలు దేనికీ కాదనదని ఊరంతా చెప్పుకున్నాను కూడా.”

మరిది స్నేహితులకు భోజనాలు, ఆడపడుచు పిల్లల యూనిఫాంలు, మామగారిని ఆస్పత్రికి తిప్పడం. అన్నీ అడక్కుండా నెత్తిన పడ్డాయనుకుంది. వాళ్లేమో అడిగే చేయించుకున్నారు. ఇన్నేళ్ల బేరానికి చిటికెడంత బొమ్మ తన తరఫున తలూపుతూ వచ్చింది. కోపం రావాల్సిన చోట ఆమెకు నవ్వొచ్చింది. అది చూసి అత్తగారూ కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ నవ్వు వేరు, నష్టం వేరు. ఆ తేడా తెలియకపోతే కొట్టు నడవదు.

“మరి కాదనాలంటే ఏ బొమ్మ పెడతావే?” అంది అత్తగారు, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె కత్తిపీట వాల్చి లేచింది.

“దానికి బొమ్మెందుకత్తయ్యా? పోయింది చెవులే, నోరు కాదు. రేపు నేను మిల్లుకు వెళ్తున్నాను. వంట మీ అబ్బాయి చేస్తాడు.”

భర్త గబగబా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం నవ్వుతున్న అత్తగారి వైపే చూస్తూ ఉంది.