పసుపు బస్తాల నడుమ

డోలక్ మీద దెబ్బ పడితే పసుపు లేచేది.

నిజామాబాద్ గంజ్ బజారులో బాపురావు గోదాం. పంట అమ్ముడయ్యాక ఖాళీ. ఆ ఖాళీలోనే మా పాటల క్లబ్బు. నేల సందుల్లోని పసుపు పొడి సాయంత్రపు ఎండలో తేలి, మా తలల మీద వాలేది.

"ఎవరి పెండ్లికి పోయొస్తున్నవ్?" అని ఇంట్లో నవ్వేవారు.

ఒక డోలక్, ఒక హార్మోనియం, ఒక చాప... గర్వం మాత్రం గోదాం నిండా!

బోధన్ నుంచి బస్సెక్కి వచ్చే సిద్దిరాములు మాకు పెద్ద. హార్మోనియం ఆయనదే, ఆఖరి మాటా ఆయనదే.

ఒకరోజు, బస్తాలు కుట్టే గంగమణి గడప దాటింది.

"ఒక్క పాట పాడనియ్యన్నా."

పాడింది. సన్నని గొంతు. ఖాళీ గోడలు ఆ పాటను అటూ ఇటూ విసిరాయి. ఒక్క మాటా తెలియలేదు.

"నీ గొంతు ఈడ నిలువది చెల్లె," అన్నాడు సిద్దిరాములు.

ఆమెకు ఏడుపొచ్చింది. అయినా పాట మానలేదు — బయట కూర్చుని, కుట్టుకుంటూ పాడుకుంది.

అరవై రెండులో పసుపు ధర పడిపోయింది. బాపురావు సరుకు అమ్మనన్నాడు. ఏడాదంతా నిల్వ పెడతాడట. గోడల వెంట, పైకప్పు దాకా బస్తాలు.

"ఇగ మీ క్లబ్బు బంద్. జల్ది లేవుండ్రి."

ఆఖరి పాటకని బస్తాల నడుమ ఇరుక్కుని కూర్చున్నాం. సిద్దిరాములు మొదలుపెట్టాడు. సగంలో ఆపి, హార్మోనియం మీద తల వాల్చేశాడు.

ఆగిన చోటి నుంచి, అక్కడే బస్తాలు కుడుతున్న గంగమణి అందుకుంది.

గోడలు పలకలేదు!

బస్తాలు గోలంతా మింగేశాయి. పాట మిగిలింది. ప్రతి మాటా... ప్రతి ఊపిరీ... ఆ సన్నని గొంతు సన్నగానే వచ్చి మమ్మల్ని కుదిపేసింది.

"ఇన్నొద్దులు తప్పు గోడలది," అన్నాడు సిద్దిరాములు, కళ్లు తుడుచుకుంటూ. "నీ మీదేసినం చెల్లె."

మమ్మల్ని వెళ్లగొట్టడానికి వచ్చిన బాపురావు ఒక బస్తా మీద కూలబడ్డాడు.

"పాడు బిడ్డా. బస్తాలుంటయి... మీరు గూడ ఉండుండ్రి."

గెలిచాం! గంజ్ అంతా వినేలా చప్పట్లు కొట్టాం. ఆనాటి నుంచి మొదటి పాట గంగమణిదే.

తరువాత బోధన్‌లో, మెండోరలో, ఎక్కడ పాటల క్లబ్బు పెట్టినా గోడల వెంట బస్తాలు పేర్చారు. పసుపు లేనిచోట ఊక నింపారు. పాటల కొట్టా, వడ్ల కొట్టా అని ఎగతాళి చేసినవాళ్లే ముందు వరుసలో కూర్చున్నారు.

డెబ్బై మూడో సంవత్సరం. నందిపేట్‌లో కొత్త క్లబ్బు. గడపలో ఎవరో అమ్మాయి — లోపలికి రావాలా, వద్దా...

"గొంతు సన్నగుంటదక్కా," అంది.

గంగమణి నవ్వింది. పక్కనున్న బస్తాను అరచేత్తో గట్టిగా చరిచింది.

"రా, కూసో."

పసుపు లేచింది. ఎండలో తేలింది. ఇంకా వాలలేదు...