ఫోన్ ఆపిన సాయంత్రం

నా కొడుకు రాజేశం రోజూ సాయంత్రం ఏడింటికి మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒక్కసారి మోగి ఆగితే, పని ముగించి పరంజా మీది నుంచి క్షేమంగా దిగాడని అర్థం. ఎత్తి మాట్లాడుకోం. మాట్లాడాల్సి వచ్చిందంటే ఏదో చెడు జరిగినట్టే. ఇద్దరం దోహాలోనే ఉన్నా చూసుకుని మూడు నెలలైంది. అప్పుడు వాడు కాలు నొప్పితో కుంటుతున్నాడు. వాడు కూలీల క్యాంపులో, నేను హోటల్లో తుడిచే పనిలో. గ్యాసు డబ్బుతో ఊరంతా మేడలు లేస్తున్నాయి. ఏ మేడ చూసినా వాడే జారుతున్నట్టుంటుంది నాకు.

ఆ రోజు హోటల్ హాల్లో చెక్ దేశపావిడ ఒక్కతే పియానో కచేరీ చేస్తోంది. నన్ను వెనక తలుపు దగ్గర నిలబడమన్నారు.

"ఫోన్ బంద్ చెయ్యి సాయవ్వా, మోగితే నా నౌకరీ పోతది," అన్నాడు సూపర్‌వైజర్ ఫరీదుద్దీన్.

"ఏడింటికి మా పిలగాడు చేస్తడు సారూ."

"ఒక్కనాడు ఇనకుంటే ఏమైతది?"

ఫోన్ తీసి ఆపేశాను.

ఆవిడ తన దేశపు పాత సంగీతమే వాయించింది. మొదట గెంతులేయించే డాన్సు పాట, పొల్కా అంటారట. ఏడు దాటింది. తర్వాతది మెల్లగా సాగింది. ఎడమచెయ్యి బరువుగా పడ్డప్పుడల్లా ఉలిక్కిపడ్డాను. ఉన్నట్టుండి ఆగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. చావు కబురు విన్న ఇల్లులా ఉంది హాలు. పాటలో భాగానికీ భాగానికీ మధ్య అలా ఆగుతారని నాకేం తెలుసు? బయటికి పరుగెత్తి, ఫోన్ ఆన్ చేసి వాడికి చేశాను.

"ఏమైందే అవ్వా? ఊర్ల నాయినకేమన్న అయిందా?" ఎత్తగానే అడిగాడు వాడు.

"ఏం కాలే బిడ్డా. దిగినవా?"

"ఎప్పుడో దిగిన. నీ ఫోన్ బంద్ వస్తుంటే పానం ఆగలే. క్యాంపు బస్సు ఎక్కలే, నడిచి నీ కాడికే వస్త."

"బస్సు పోయిందా?"

"ఉన్నది. డ్రైవర్ యల్లా యల్లా, జల్ది ఎక్కు అని ఒర్రుతుండు."

"ఎక్కు! క్యాంపుల హాజరు తీస్తరు. తొవ్వల కార్లు, పోలీసోళ్లు..."

"మూడు నెలలాయెనే నిన్ను చూసి."

"ఎక్కు బిడ్డా, నా మాటిను."

బస్సు ఇంజను చప్పుడు దగ్గరైంది. "సరే తియ్," అని పెట్టేశాడు.

లోపల పియానో మళ్ళీ మొదలైంది. వాయిస్తుండగా తలుపు తెరవకూడదట. వరండాలో నిలబడ్డాను. కాలు నొప్పి తగ్గిందా అని కూడా వాణ్ణి అడగలేదు.