తిరుపాలమ్మ చేతి నీళ్లు

కువైట్‌లోని మిష్రిఫ్‌లో ఆ వీధివాళ్లు పొద్దున కారు తీస్తూ తిరుపాలమ్మ పనిచేసే ఇంటి గోడ వైపు ఒకసారి చూసిపోతారు. గోడ మీది కాగితంపూల తీగ కళకళలాడుతుంటే ఆమె బాగున్నట్టు. తీగ వాడిపోయి ఉంటే పక్కింటి డ్రైవర్ అన్వర్ బాషా గేటు దగ్గర ఆగి, "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడుగుతాడు. ఆమె నీళ్లు పోసిన మొక్క ఆమె మనసులో ఉన్నదే చూపిస్తుంది. రైల్వే కోడూరు దగ్గర మామిడికీ నిమ్మకూ అంట్లు కట్టే కుటుంబం వాళ్లది. అందరి చేతులూ అంతే. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డులో ఆ సంగతి రాయడానికి చోటు లేదు గానీ, ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు.

ఆమె అమ్మ పోయిన రోజున ఈ ఇంటి వాకిట్లోని రేగుచెట్టు ఒక్క పూటలో ఆకంతా రాల్చేసింది. పనివాళ్లంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు కిటికీలోంచి అది చూసి, ఊరినుంచి వచ్చిన కబురు తిరుపాలమ్మ చెప్పకముందే విమానం టికెట్ తెప్పించింది. తరవాత చీపురు తీసుకుని ఆ ఆకులన్నీ తనే ఊడ్చింది. మామా మంచి మనిషి. ఆ మంచితనమే ఇప్పుడు తిరుపాలమ్మను నిలువనీయడం లేదు.

మామాకు ఒక్కడే కొడుకు, జాసిం. తండ్రి లేడు. తిరుపాలమ్మ ఆ ఇంటికి వచ్చేసరికి వాడికి ఎనిమిదేళ్లు, అన్నం అంటే ఏడుపు. ఆమె పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, ముద్దలు చేసి పెట్టింది. వాడు తిన్నాడు, తింటూ తింటూ ఆమె భాష నేర్చుకున్నాడు. కోడూరు యాసలో అలిగే అరబ్బు పిల్లవాడు కువైట్ మొత్తంలో వాడొక్కడే అయి ఉంటాడు. ఆ ముద్దలతోపాటు చేతి గుణం కూడా అంటింది. పదేళ్లప్పుడు బడిలో ఫుట్‌బాల్ గెలిచి వచ్చి పుదీనాకు నీళ్లు పోస్తే, సాయంత్రానికి జానెడు పెరిగింది. మామా చూసి, "నీ చెయ్యి వీడికి వచ్చింది," అని, టీలోకి నాలుగు రెబ్బలు తుంచుకుని లోపలికి పోయింది.

ఇప్పుడు వాడికి ఇరవై రెండు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, మామా చెల్లెలింటికి వెళ్లినప్పుడు, తిరుపాలమ్మను మేడమీది మూలగదికి పిలిచాడు. తలుపు తీస్తే లోపల ఊదారంగు లైటు, గోడకు వెండికాగితం, ఆరు కుండీలు. మొక్కల ఆకు కొసలు మాడి ఉన్నాయి.

"తిరుపా, ఇవి సచ్చిపోతాండాయి. నువ్వే సూడాల," అన్నాడు.

అయిదు వేళ్లు చాచినట్టున్న ఆ ఆకును ఆమె ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"ఇది గంజాయి కదా నాయనా."

"అందురూ అనేంత చెడ్డదేం కాదులే. నా మటుకే. నీకు కాక ఇంకెవురికి చెప్పుకునేది?"

ఆ మాటకు ఆమె లొంగిపోయింది. తరవాత ఎన్నోసార్లు ఆ క్షణాన్ని తిరగేసి చూసుకుంది. వద్దనడానికి నోరు ఉంది, మామాకు చెప్పడానికి భాష ఉంది. కానీ పద్నాలుగేళ్లు పెంచిన పిల్లవాడికి ఇంకా తను కావలసివచ్చిందని లోపల ఎక్కడో సంతోషపడింది. అదే ఆమెకు అన్నిటికన్నా సిగ్గు.

ఎందుకంటే కోడూరులో ఆమెకు తమ్ముడున్నాడు, నరసింహులు. అంటు కట్టడంలో అతనంతటివాడు లేడనేవారు. గంజాయి పట్టుకున్నాక మొదటి ఏడాదంతా నవ్వాడు. తరవాత నవ్వడం ఆగింది, మాట ఆగింది. కిందటిసారి సెలవులో ఆమె వెళ్తే, బొప్పాయి మండీ గోడకు ఆనుకుని కూర్చుని, "నువ్వు ఎవురి తాలూకమ్మా?" అని మర్యాదగా అడిగాడు. ఆ రోజు తిరుపాలమ్మ నడివీధిలో మన్ను ఎత్తిపోసి తిట్టింది, ఆ మొక్క పెంచినోని చేతులు పడిపోవాలని. ఇప్పుడు ఆ చేతులు చూసుకుంటే తనవే.

పనైతే పద్ధతిగానే చేసింది. కొసలు మాడింది బలం ఎక్కువై అని తెలిసి, వాడు కొనితెచ్చిన ఎరువుసీసాలు మూత పెట్టించింది. నీళ్లు ఆపింది. ఎడారిలో పుట్టినవాడు కప్పలు పెంచేటన్ని పోశాడు మరి. లైటు మూరెడు పైకి కట్టించింది, ఫ్యాను గోడవైపు తిప్పించింది. కొత్త ఆకు పచ్చగా వచ్చింది. వచ్చిన ప్రతి ఆకూ తల దించుకుంది.

దప్పికతో వాలడం వేరు. దప్పికైన ఆకు మెత్తబడి ముడుచుకుంటుంది. ఇవి నిగనిగలాడుతూనే నేలచూపులు చూస్తున్నాయి. జాసిం ఫోనులో వీడియోలు వెతికాడు. వేరు కుళ్లా, పురుగా, గాలి చాలదా? అన్నీ సరిగానే ఉన్నాయి. ఆ జబ్బు ఏ వీడియోలోనూ లేదు.

"ఏం తెగులు తిరుపా?"

"ఏందో నాయనా, నాకూ తెలియడంల్యా," అంది, తేలు కుట్టిన దొంగలాగా.

తెలియకపోవడమేమిటి. అయినా ఆమె పులిసిన మజ్జిగ తెచ్చింది. కోడూరులో కరివేపాకు గిడసబారితే ఎవరైనా పోసేది అదే. పులిసిన మజ్జిగతో పోయే జబ్బయితే ఎంత బాగుండునని ఆశపడింది. అక్కడ లబన్ అని అమ్మే మజ్జిగ డబ్బాను రెండు రోజులు ఎండలో పెట్టి, నీళ్లు కలిపి, గిన్నె పైటకింద దాచుకుని మెట్లెక్కింది. గిన్నె జారి సగం వరండాలో తివాచీ మీద ఒలికింది, మిగతాది కుండీల్లో పోసింది. ఏసీ గదిలో కిటికీ తెరవకుండా మజ్జిగ పోస్తే ఏమవుతుంది? మూడోనాటికి సన్నదోమలు, పాడుకంపు. గంజాయి వాసన బయటికి పోకుండా జాసిం ఏదో మిషన్ బిగించాడు గానీ, తివాచీలో ఇంకిన మజ్జిగకు అది పనికిరాలేదు.

"నువ్వింక ముట్టొద్దులే. నేనే పోసుకుంటా," అన్నాడు వాడు, కోపం లేకుండానే.

ఆమె ముట్టడం మానేసింది. నాలుగు రోజుల తరవాత ఇస్త్రీ బట్టలు పెడుతూ తలుపు సందులోంచి చూస్తే, ఆరు మొక్కలూ ఆకులు ఎగేసుకుని నిటారుగా నిలబడి ఉన్నాయి. వాడి మనసులో రవ్వంత సిగ్గు కూడా లేదన్నమాట. నరసింహులు నవ్విన ఆ మొదటి ఏడాది ఆమెకు కళ్లముందు ఆడింది.

వాడి మొక్కలు లేచాయి. కింద తోట మాత్రం, ఆమె మేడమీద నీళ్లు పోసిన నాటినుంచీ వాలుతూ వచ్చి, ఇప్పుడు పూర్తిగా పడిపోయింది. మల్లెలు మొగ్గలతోనే కిందికి వంగాయి. కాగితంపూల తీగ గోడ దిగి నేలను తాకింది. ఖర్జూరపు మట్టలు కూడా వాలాయి. అన్వర్ బాషా గేటు దగ్గర ఆగాడు గానీ, ఏమీ అడగకుండా చూపు తిప్పుకుని వెళ్లిపోయాడు. అది ఆమెకు తల తీసేసినట్టయింది.

ఆదివారం పొద్దున పదింటికి మామా తోటలోకి వచ్చి చాలాసేపు నిలబడింది.

"నెలరోజులుగా చూస్తున్నాను తిరుపా. దుఃఖమైతే ఆకు రాలుతుంది. ఇది రాలడం లేదు, తల దించుకుంటోంది. ఏం చేశావు?"

తిరుపాలమ్మ చూపు మేడమీది మూలగది కిటికీ వైపు పోయింది. మామా అది చూసి ఇంట్లోకి నడిచింది, మెట్లెక్కింది. వరండాలో పులిసిన వాసన పట్టుకుని నేరుగా మూలగది తలుపు తీసింది. లోపల జాసిం చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. వెనకాలే తిరుపాలమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరివి ఇవి?" మామా గొంతు పెంచలేదు.

జాసిం తల్లిని చూశాడు, ఆమె చేతిలోని ఫోను చూశాడు. తిరుపాలమ్మ వైపు మాత్రం చూడలేదు.

"తిరుపావి. వాళ్ల ఊరినుంచి విత్తనాలు తెచ్చుకుంది. నాకు ఈ రోజే తెలిసింది."

అరబ్బీలోనే అన్నాడు. ఆమెకు ప్రతి ముక్కా అర్థమైంది. ఆ దేశంలో ఈ మొక్క పెంచిన పనిమనిషికి ఏమవుతుందో కూడా తెలుసు. అబద్ధమని చెప్పాలి. కానీ పెంచినోని చేతులు పడిపోవాలని తిట్టింది తనే కదా, ఆ తిట్టు ఇంతదూరం వెతుక్కుంటూ వచ్చింది, రానీ అనుకుంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఊరుకుంది.

"పోలీసులకు చెప్పక తప్పదు," అంది మామా. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆమె తిరుపాలమ్మను పరాయిదాన్ని చూసినట్టు చూసింది. ఫోను ఎత్తింది.

జాసిం అప్పుడు చూశాడు తిరుపాలమ్మ వైపు. ఆమె వాడిని చూస్తూనే ఉంది, కోపంగా కాదు, వాడు తిన్నాడో లేదో అని చూసే మామూలు చూపే.

వాడికి దగ్గరగా ఉన్న కుండీలో పై ఆకు కిందికి దిగింది. దాని వెనకే రెండోది, మూడోది. తరవాత పక్క కుండీ. ఫ్యాను తిరుగుతూనే ఉంది, మట్టి తడిగానే ఉంది. ఆరు మొక్కలూ ఒక్కొక్కటే మెడ వంచి, ఆకు కొసలు మట్టికి ఆనేదాకా వంగాయి.

మామా వేలు ఫోను మీద ఆగింది.

"వీటిని నువ్వు ముట్టి ఎన్ని రోజులైంది తిరుపా?"

"పద్దెనిమిది రోజులు, మామా."

నీళ్లు పోస్తున్నది ఎవరో మామాకు అర్థమైంది. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, కొడుకు చేతిలోని తడి చెంబు వైపు చూసింది. "పీకెయ్," అంది.

"మామా," అంది తిరుపాలమ్మ. "మొదట నీళ్లు పోసింది నేనే. ఏందో తెలిసే పోసినా."

"తోట నెలనుంచి ఆ మాటే చెబుతోంది," అంది మామా. మెట్లు దిగి వెళ్లిపోయింది. క్షమించిందో లేదో ఆమె నడకలో తెలియలేదు.

జాసిం తెల్లటి పొడుగు అంగీ దిష్‌దాషా మోకాళ్ల మీదికి లాక్కుని నేల మీద కూర్చున్నాడు. ఒక్కొక్క మొక్కనూ వేళ్లతో సహా పీకడం మొదలుపెట్టాడు. బట్టంతా మట్టి అయింది. వాడి చేతిలోంచి ఏ పనైనా లాక్కుని తనే చేసే తిరుపాలమ్మ, ఆ రోజు చెయ్యి కదపలేదు. ఆఖరి మొక్క దగ్గర వాడి భుజాలు అదరసాగాయి. అప్పుడు వచ్చి వాడి పక్కన కూర్చుంది.

"తిరుపా, నేను..." అన్నాడు, తల ఎత్తకుండానే.

"ఊరుకో నాయనా," అంది. "నాకొక తమ్ముడుండాడు. వాని సంగతి నీకెప్పుడూ చెప్పల్యా. ఇప్పుడు చెప్తా, ఇను."