పదకొండు ప్రాణాలు

పొద్దున్న తొమ్మిదింటికి ఆయన చేతిలో ఉన్నవి నలభై మూడు పేర్లు, ఒక పెన్సిలు, పదకొండు ప్రాణాలు.

పేర్లు ఫోన్ నంబర్లతో సహా డబ్బిచ్చి కొన్నవి. ప్రాణాలు ఈ ఏడాది చేసినవి. జీవిత బీమా ఆఫీసులో పాలసీ అనే మాట కొనేవాళ్ళ ముందే వాడతారు. తమలో తాము ప్రాణమనే అంటారు. "ఎన్ని ప్రాణాలయ్యాయి?" అని పలకరించుకుంటారు, కోళ్ళ షెడ్డులో గుడ్ల లెక్క అడిగినట్టు. ఏడాదికి పన్నెండు చేయని ఏజెంటు కోడ్ మూసేస్తారు. కోడ్‌తో పాటు కుర్చీ పోతుంది, ఫోను పోతుంది, పాత పాలసీల మీద ఏటేటా రాలే చిన్న కమిషనూ పోతుంది. ఆ ఏడాది ఆ సాయంత్రం అయిదింటికి ముగుస్తుంది.

ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు భార్య భోజనం డబ్బా మూత నొక్కుతూ అడిగింది.

"పోనీ, నా పేరున ఇంకోటి రాసేయకూడదూ?"

"నీ పేరున ఇప్పటికే మూడున్నాయి. నాలుగోది రాస్తే పోలీసులకు అనుమానం వస్తుంది."

"అదా సంగతి! మెట్లు కడిగి తుడవకుండా వదిలేస్తుంటే మతిమరుపనుకున్నాను."

ఆమె నవ్వలేదు. డబ్బా సంచిలో పెట్టి, సంచి చెవులు రెండూ కలిపి ఆయన చేతికిచ్చి, ఒక్క క్షణం వదలకుండా పట్టుకుంది. అంతే.

ఆఫీసులో ఆయనకు నిదానంగారని పేరు. మూడో అంతస్తు, ఎనిమిది టేబుళ్ళు, కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. మిగతావాళ్ళు చెవులకు తగిలించుకునే ఫోన్లు వాడతారు. ఈయన పాత రిసీవరే వాడతాడు. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని ఒత్తుకుని ఒత్తుకుని ఎడమ చెవి కుడి చెవి కంటే కాస్త చదునైంది. టేబుల్ మీద ఫోను పక్కన ఒక చిన్న గుండ్రటి అద్దం ఉంటుంది, భార్య పౌడరు డబ్బా మూతలోంచి ఊడి వచ్చినది. మాట్లాడేటప్పుడు అందులో తన నోరు చూసుకుంటాడు. నవ్వు ఫోనులో వినపడుతుందనీ, ముఖం ముడుచుకుంటే అదీ వినపడుతుందనీ ఆయన నమ్మకం.

పేర్లు అమ్మే మనిషి దగ్గర రెండు రకాల సరుకుంటుంది. నిన్నగాక మొన్న ఎవరైనా ఎక్కడైనా ఫారం నింపి నంబరిచ్చి ఉంటే అది తాజా సరుకు, ఖరీదెక్కువ. ఏడాది దాటితే నిలవ సరుకు, గంపగుత్తగా ఇచ్చేస్తాడు. తాజా పేరునైనా అయిదుగురికి అమ్ముతాడు, ఒకే ఎద్దును అయిదుగురు రైతులకు అమ్మినట్టు. నిదానంగారు నిలవవే కొంటాడు. కొని, కింది నుంచి మొదలుపెడతాడు. అందరూ జాబితా పై నుంచి ఫోన్లు చేసుకుంటూ వస్తారు, తిట్లు తిని తిని సగంలో అలిసిపోతారు. పేజీ అడుగున ఉన్నవాళ్ళ జోలికి ఎవరూ పోరు. ఎవరూ తొక్కని దారిలో గడ్డి పచ్చగా ఉంటుందనే పాటి లెక్క ఆయనకు తెలుసు. ఆ లెక్క మీదే ఇరవై ఆరేళ్ళు గడిపాడు.

ఒంటిగంట లోపు ముప్ఫై పేర్లయ్యాయి. పదమూడు మంది ఎత్తలేదు. తొమ్మిది మంది బీమా అనగానే పెట్టేశారు. ఒకాయన మాత్రం నిలదీశాడు.

"ముందు నీకు పాలసీ ఉందా?"

"ఉందండీ."

"అయితే నువ్వు పోయాక మీ ఆవిడ చేత ఫోన్ చేయించు. డబ్బు అందిందంటే అప్పుడు తీసుకుంటా."

మరో నంబరుకు ముసలి గొంతు పలికింది. "మావారికా? ఆయన పోయి ఏడాదైంది. అప్పుడెక్కడున్నావు నాయనా?"

ఆ పేరు ఎదురుగా మిగతావాళ్ళయితే అడ్డగీత కొట్టేవాళ్ళు. ఆయన పెన్సిలుతో 'మనమే ఆలస్యం' అని రాసుకున్నాడు. ప్రతి పేరు ఎదురుగా ఏదో ఒకటి రాయడం ఆయన అలవాటు.

ముప్ఫై ఒకటో పేరు ఒక వడ్రంగి మేస్త్రీది. వయసు నలభై నాలుగు, ఇద్దరాడపిల్లలు.

"తీసుకుంటాను సార్," అన్నాడు మేస్త్రీ, మాట పూర్తికాకముందే. "పెద్దదే రాయండి. ఇవాళే అయిపోతుందా?"

అద్దంలో నిదానంగారి నవ్వు ఆగింది. బేరమాడకుండా కొనేవాణ్ణి చూస్తే దుకాణదారుడు నోటును వెలుతురుకు ఎత్తి చూసుకోవాలి. పనిరోజు, మిట్టమధ్యాహ్నం. మేస్త్రీ వెనక రంపం చప్పుడు లేదు. ఎక్కడో కుక్కర్ కూత వినబడింది.

"ఇవాళ పనికి పోలేదా మేస్త్రీగారూ?"

"లేదు సార్."

"ఎన్నాళ్ళయింది?"

మేస్త్రీ గొంతు తగ్గింది, పక్క గదిలో ఎవరో ఉన్నట్టు. "ఆసుపత్రి రిపోర్టు వచ్చి పది రోజులు. ఇంట్లో చెప్పలేదు. బాగానే ఉన్నానని రాసేయండి సార్. మీ చేతిలో పనేగా. చూసేదెవరు?"

నిజానికి ఆయన చేతిలో పనే. ఫారంలో పద్నాలుగో ప్రశ్న, జబ్బులేమైనా ఉన్నాయా అని. ఎదురుగా రెండు గడులు. తప్పు గడిలో ఒక్క టిక్కు పెడితే పదకొండు పన్నెండవుతుంది, కుర్చీ మిగులుతుంది. ఆ సంగతి బయటపడేది మేస్త్రీ పోయాకే.

ఒకసారి అలా పెట్టాడు, పనిలో చేరిన రెండో ఏడాదిలో. బట్టల కొట్టు గుమాస్తా ఒకతను గుండె సంగతి చెప్పి, రాయొద్దన్నాడు. ఈయన రాయలేదు. పదిహేను నెలలకు గుమాస్తా భార్య ఇదే మూడో అంతస్తుకు వచ్చింది, వానలో తడిసి, చేతిలో కంపెనీ కవరుతో. "నాకు చదువు రాదండీ. ఏమని రాశారో చదివి పెట్టండి," అంది. డబ్బు ఎందుకు ఇవ్వరో అందులో మూడు వాక్యాల్లో ఉంది. ఫారంలో అబద్ధం ఉందని ఉంది. ఆ అబద్ధం రాసిన మనిషే ఆమెకు దాన్ని పైకి చదివి వినిపించాడు. ఆమె అరిచి ఉంటే బాగుండేది. కవరు మళ్ళీ మడిచి, "శ్రమ ఇచ్చాను," అని మెట్లు దిగిపోయింది.

"మేస్త్రీగారూ, అలా రాస్తే మీ ఇంట్లోవాళ్ళకు చివరికి దక్కేది ఉత్తరమే," అన్నాడు ఆయన. "నేను రాయను."

"సరే సార్," అన్నాడు మేస్త్రీ. కోపం లేదు. చెక్క కొలత కుదరకపోతే పక్కన పెట్టేసే మనిషి గొంతు.

ఇంకా పన్నెండు పేర్లున్నాయి, నాలుగ్గంటల టైముంది. ఫోను పెట్టేయాల్సిన చోటది. నిదానంగారు పెట్టలేదు.

"పాతది ఏమైనా ఉందా? ఎప్పుడైనా తీసుకున్నది?"

"మా మామగారు పెళ్ళైన కొత్తలో కట్టించారు సార్. ఆపేశాను. ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది అది."

"కాగితం వెతికించండి."

"దేనికి సార్?"

"చచ్చిందో లేదో చూడకుండా పాడె కట్టకూడదు."

వెతకడానికి గంట పట్టింది. ఆ గంటలో ఆయన నాలుగు నంబర్లు తిప్పాడు, ఎవరూ కుదరలేదు. భోజనం డబ్బా తెరవలేదు. రెండున్నరకు మేస్త్రీ భార్యే ఫోను చేసింది. ఆమె గొంతు ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. కాగితం ఎందుకో మేస్త్రీ చెప్పక తప్పలేదు కాబోలు.

"దొరికిందండీ. ట్రంకుపెట్టె అడుగున పరిచి ఉంది."

"చివరి రసీదు మీద తేదీ చదవండమ్మా."

చదివింది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ఇరవై రెండు నెలలు.

"ఇప్పుడు నాలుగో పేజీ. కింద ముద్ర ఉంటుంది. ఆ ముద్ర పైన చిన్న అక్షరాలు."

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. ఆ రకం పాలసీలు ఇప్పుడు అమ్మడం లేదు. అవి ఉన్నాయని కంపెనీయే మరచిపోవాలని చూస్తుంది. వాయిదాలు ఆగినా రెండేళ్ళ దాకా అది బతికే ఉంటుంది. ఆ లోపు బాకీ కట్టేస్తే ఆరోగ్యం గురించి కొత్తగా ఏమీ అడగరు. నిదానంగారికి ఆ పేజీ చూడకుండా వచ్చు. అయినా ఆమె చేతే రెండుసార్లు చదివించాడు.

"ఇంకా రెండు నెలలు గడువుందమ్మా. రెండు నెలలని కూర్చోకండి, రేపే వెళ్ళండి. కౌంటర్లో కొత్తది తీసుకోమంటారు, వద్దనండి. ఆరోగ్యం ఫారం ఇస్తారు, తీసుకోకండి. ఈ పేజీ చూపించండి. కుదరదంటే పెద్దాయన్ని పిలవమనండి. రసీదు చేతికొచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి."

"బాకీకి నా గాజులు సరిపోతాయండీ," అంది ఆమె. ఆగి, "దీని మీద మీకేమొస్తుంది?" అని అడిగింది.

"నాకేమీ రాదు. మీ నంబరుకు ఇంకెవరూ ఫోన్ చేయకుండా ఉంటారమ్మా."

గడియారం మూడుంబావు చూపిస్తోంది. మిగిలిన ఎనిమిది పేర్లకూ చేశాడు. ఒకరు పెళ్ళిలో ఉన్నారు, ఒకరు ఆ పేరు మనిషెవరో తెలియదనీ, కొత్తగా కొన్న ఫోను తమదేననీ ప్రమాణం చేశారు, మిగిలినవాళ్ళు పలకలేదు.

నాలుగున్నరకు పక్క టేబుల్ ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. ఆవిడ చేరి రెండేళ్ళు.

"అన్నయ్యా, నాకు పదమూడయ్యాయి. ఒకటి మీ కోడ్ మీద వేసేద్దాం. మేనేజరుకు చెప్తాను."

"నీకు పన్నెండే చెల్లెమ్మా. పన్నెండోదాంట్లో పుట్టిన తేదీ నేనే దిద్దాను."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మీకెందుకండీ ఇన్ని లెక్కలు!"

"అబద్ధం ఆడేటప్పుడు ఎదుటివాడికి లెక్కలు రాకుండా చూసుకోవాలి," అన్నాడు, నవ్వుతూ.

అయిదింటికి మేనేజరు వచ్చి నిలబడ్డాడు. వయసుకు నిదానంగారికి కొడుకులాంటివాడు. "పదకొండేనా నిదానంగారూ?" అన్నాడు, తప్పు తనదైనట్టు.

"పదకొండే బాబూ."

కోడ్ మూసే కాగితం మీద సంతకం పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్క టేబుల్ ఆవిడ అప్పుడు ఎవరితోనో ఫోనులో ఉంది. ఆయన ఆవిడ మాట చెడగొట్టకుండా సంచి భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

మెట్లు దిగుతూ మొత్తం కూడుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో మూడు వందల తొంభై రెండు ప్రాణాలు. అందులో పోయినవాళ్ళు ముప్ఫై ఏడుగురు. ముప్ఫై ఆరు ఇళ్ళకు డబ్బు చేరింది. ఇవాళ్టి మేస్త్రీ ఇల్లు ఈ లెక్కలోకి రాదు, అది వేరే ఏజెంటు రాసిన ప్రాణం. వచ్చినా సరే, ఒక ఇంటి లోటు ఇంకో ఇంటి జమతో పూడదని ఆయనకు తెలుసు. గుమాస్తా భార్య దిగిన మెట్లే ఇవి. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో ఆలోచించాడు. కింది మెట్టు దగ్గర డబ్బా బరువుగా తగిలింది. అన్నం తినలేదని ముందు దానికి చివాట్లు పడతాయి, తక్కినది ఆ తరువాతే. అది కాస్త తేలికనిపించింది.

పైన, ఫోను పెట్టేసి పక్క టేబుల్ ఆవిడ తల తిప్పేసరికి కుర్చీ ఖాళీ. ఆయన టేబుల్ మీద ఉండాల్సిన జాబితా తన టేబుల్ మీద ఉంది. కింది నుంచి చదివింది. 'కూతురి పరీక్షలయ్యాక.' 'మాటకారి, మంచివాడు.' 'మనమే ఆలస్యం.' అడుగు నుంచి ముప్ఫై ఒకటో పేరు ఎదురుగా పెన్సిలు కాస్త గట్టిగా ఒత్తి రాసి ఉంది: 'పాలసీ ఉంది. ఫోన్ చేయకండి.'

కాగితం ఎగిరిపోకుండా దాని మీద చిన్న గుండ్రటి అద్దం బోర్లించి ఉంది.