రెండు రోజుల పని

నేను కంప్యూటరు ప్రోగ్రాములు రాసి బతుకుతాను. ఏ పనికి ఏ భాష వాడాలో ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి నేర్పేది కూడా నేనే. ముందు పని చూడండి, గడువు చూడండి, ఆ తర్వాత భాష ఎంచుకోండి అని చెబుతాను. చెప్పేవి శ్రీరంగనీతులు.

మా నాన్న దానం గారు రాజోలు డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. గొంతులో క్యాన్సరని తేలింది. స్వరపేటిక తీసేయాలి, ఇంక మాట రాదు అన్నారు కాకినాడ డాక్టర్లు. ఆపరేషనుకి మూడు వారాల టైముంది. నేను సెలవు పెట్టి రాజోలు వచ్చాను. ఆయన మాటలు ఆయన గొంతుతోనే రికార్డు చేసి, ట్యాబ్‌లో గళ్ళుగా పెట్టి, గడి నొక్కితే ఆ మాట పలికేలా ప్రోగ్రాము రాస్తానన్నాను. నాన్న ఎంతో సంబరపడి, రోజూ అవసరమయ్యే మాటలు రెండు వందలు ఏరి నోటుబుక్కులో రాసుకున్నారు.

నాకు జావా భాష కొట్టిన పిండి. ఆరేళ్ళుగా అదే అన్నం పెడుతోంది. అందులో అయితే ఇది రెండు రోజుల పని. కాని నాకు ఉద్యోగం మారాలని ఉంది. ఇంటర్వ్యూకి వెళ్ళిన చోటల్లా రస్ట్ వచ్చా అంటున్నారు. అది కొత్త భాష; వేగం ఎక్కువ, పట్టింపూ ఎక్కువ. చిన్న తప్పున్నా ముందుకి కదలనివ్వదు. నాన్న పనితో అది నేర్చుకుంటే బయోడేటాలో రాసుకోవచ్చు కదా అనుకున్నాను. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

నాతో పనిచేసే నాగసతీష్‌ది అంబాజీపేట. ఫోనులో సంగతంతా విని, "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం ఎందుకండీ మెర్సీ గారూ? వచ్చిన భాషలో కానిచ్చెయ్యండి," అన్నాడు. నాకు కోపం వచ్చి ఫోను పెట్టేశాను.

రస్ట్‌లోనే మొదలుపెట్టాను. ఒక తప్పు దిద్దితే ఇంకోటి బయటపడేది. అలా రెండు వారాలు గడిచాయి. నాన్న రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఫోటో తీయించుకునేవారిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని నా పక్కన కూర్చునేవారు. గొంతు రోజురోజుకీ బొంగురుపోతోంది.

"అమ్మా, ఈలోగా ఫోనులో చదివేసి ఉంచనా?" అని అడిగారు ఒకరోజు.

"వద్దు నాన్నా. ప్రోగ్రాములోంచే రికార్డు చేస్తే శుభ్రంగా వస్తుంది. ఇంక రెండు రోజులే."

"ఆయ్, నువ్వెలాగంటే అలాగే," అన్నారు.

ఆ మర్నాడే ఆయనకి ఊపిరి ఆడలేదు. కాకినాడ తీసుకెళ్ళగానే మెడకి రంధ్రం చేసి గొట్టం వేశారు. మాట ఆ పూటే పోయింది. ఆ గొట్టంతోనే ఆపరేషనుకి వెళ్ళారు. నోటుబుక్కులో రెండు వందల మాటలూ అలాగే ఉన్నాయి. ఆయన గొంతులో ఒక్కటీ నా దగ్గర లేదు.

ఆయన ఇంటికి వచ్చిన నెలకి ప్రోగ్రాము పూర్తయింది. ఎక్కడా తప్పు లేదు. కంప్యూటరుకి దొరికే మగగొంతు ఒకటి తెచ్చి పెట్టాను. నాన్న నాలుగైదు గళ్ళు నొక్కి చూసి, పలక మీద "చాలా స్పీడుగా ఉందమ్మా" అని రాసి చూపించారు. ఒక్కసారి విసుక్కుని ఉంటే బాగుండేది. ఆ మెప్పు నేను మొయ్యలేకపోయాను.

మా అమ్మ విజయకుమారిని కుమారీ అని పిలిచేది నాన్న ఒక్కరే. ఆయన "కుమారీ, మంచినీళ్ళు" అన్న గడి నొక్కారు. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, మమ్మల్ని దాటి గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి చూసింది.

"ఎవరండీ వచ్చేరు? నన్ను పేరెట్టి పిలుస్తున్నారు," అని నాన్నని అడిగింది.