దించిన గీత

కళ్ళు తిరిగిన పిల్ల మరమగ్గం మీద పడలేదు, పక్కకి పడింది. అదొక్కటే అదృష్టం. ఏడో నెల కడుపుతో ఉన్న మనిషిని ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకు తెచ్చి మిల్లు క్యాంటీన్ బెంచీ మీద పడుకోబెట్టారు. వంటాయన గరిటె చేతిలో ఉండగానే పరిగెత్తుకొచ్చాడు. ఆ పిల్ల అతని కూతురు.

మిల్లు నర్సమ్మ కనురెప్ప కిందకి లాగి చూసింది. "మళ్ళీ ఒంట్లో రక్తం తగ్గిపోయింది. మొన్నటిదాకా బానే ఉందిగా? తిండి మానేసిందా?"

"మానలేదమ్మా. మధ్యాహ్నం ఇక్కడే తింటోంది."

వంటాయన భార్య రెండో కాన్పులో ఒంట్లో రక్తం లేకే పోయింది. ఆమె తమ్ముడు ఆ ఇంట్లో ఉండే చదువుకున్నాడు, అక్క చేతి ముద్ద తిని పెరిగాడు. ఇప్పుడు మిల్లు ఆఫీసులో ఉద్యోగం. అందరూ లెక్కలాయన అంటారు. నిరుడు క్యాంటీన్ భోజనానికి లెక్క కట్టింది అతనే. బజారు ధరలు, ఏ గింజలో ఏ బలముందో, జబ్బు పడకుండా ఉండాలంటే ఒంటికి కనీసం ఏది ఎంత కావాలో కంప్యూటర్‌కి ఇచ్చి, అందులో అన్నిటికంటే చవకైన భోజనం తేల్చమన్నాడు. ప్లేటు నలభైకి తేలింది. పప్పు, ఆకుకూర, శనగలు, గుడ్డు.

"ఈ కనీసం అనే గీత కిందకి దిగొద్దంటే కంప్యూటర్ దిగదు బావా. మనిషైతే దిగుతాడు, ఇది దిగదు," అన్నాడు. "అక్క ఉన్నప్పుడే ఇది ఉండుంటే..." అని కళ్ళు తుడుచుకున్నాడు.

వంటాయన నమ్మాడు. నమ్మి, షెడ్డు షెడ్డుకీ తిరిగి అందర్నీ ఒప్పించాడు. అతని మాట మీద వాళ్ళు క్యారేజీలు మానేశారు, భోజనం ఖర్చుకి జీతంలో కోత ఒప్పుకున్నారు. కొన్నాళ్ళకి కూతురి మొహంలో రంగొచ్చింది. ఆ తర్వాత గుడ్డు పోయింది. శనగలు పోయాయి. పప్పు పలచబడింది. "ఇందులో మొహం కనపడతోందయ్యా, దువ్వెన కూడా ఇవ్వు," అని యంత్రాలకి నూనె పోసే నూనెతాత రోజూ ఎగతాళి చేసేవాడు. ధరలు పెరిగాయి కాబోలనుకున్నాడు వంటాయన. బావమరిది కట్టిన లెక్క కదా, అడగలేదు.

లెక్కలాయన వగరుస్తూ వచ్చాడు. "అమ్మడూ! ఏమైందే?"

"లెక్కలో ఏం మార్చావు?" అన్నాడు వంటాయన.

"ఇప్పుడా బావా ఆ మాట?"

"ఇప్పుడే."

"ప్లేటు ముప్ఫైలో రావాలన్నాడు మేనేజరు. ఎన్నిసార్లు వేసినా కుదరదనే చెప్పింది కంప్యూటర్."

"మరి కుదిరిందిగా."

"గీత దించాను." అతను నేల చూశాడు. "కూర్చుని పనిచేసే మగాడికి ఎంత చాలో, అందరికీ అదే పెట్టాను."

"ఇక్కడ కూర్చునేదెవర్రా? ఇది కడుపుతో ఉందని తెలీదా నీకు?"

"నేను కాకపోతే ఇంకొకడు చేసేవాడు బావా. నా ఉద్యోగం పోయేది."

"నువ్వెక్కడ తింటున్నావు?"

"ఇంటి నుంచి తెచ్చుకుంటున్నా," అన్నాడు.

పిల్ల కళ్ళు తెరిచింది. లెక్కలాయన మంచినీళ్ళ గ్లాసు నోటిదాకా తెచ్చాడు. ఆమె చేత్తో పక్కకి నెట్టింది.

"నాన్న ఇస్తాడులే మావయ్యా."

గంట కొట్టారు. మగ్గాలు ఆగాయి. పళ్ళేలు పట్టుకుని జనం వరస కట్టారు. వంటాయన కూతురికి నీళ్ళు పట్టించి, తిరిగొచ్చి గరిటె బావమరిది చేతిలో పెట్టాడు.

"ఇవాళ నువ్వు వడ్డించు."

"అందరి ముందూ నన్ను..."

"అందర్నీ ఒప్పించింది నా నోటితోరా. నేనిక వడ్డించను. ఒక్కొక్కళ్ళ మొహం చూసి నువ్వే వడ్డించు."

లెక్కలాయన గరిటె ముంచి పైకెత్తాడు. ముందున్నది నూనెతాత. గంటకి ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఇవాళ దువ్వెన అడగలేదు. పళ్ళెం చంకలో పెట్టుకుని, రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు.

వెనక వరస కదల్లేదు. ఎత్తిన గరిటెలోంచి పప్పునీళ్ళు చుక్కచుక్కగా గుండిగలోకే కారుతున్నాయి.